లాటిన్‌లో ‘మానో’ ఎక్కడ, ‘ఫ్లుఓ’ ఎక్కడ? పారడం, ఊరడం, కారడం గురించి సందేహం

నాగావళి_ఒడ్డు

అందరికీ నమస్కారం. లాటిన్ సొంతంగా చదువుకుంటున్నాను. నాలుగు క్రియాగణాలూ ఒక చుట్టు పూర్తయ్యాయి. పుస్తకంలోని అభ్యాసాల్లో ఎప్పుడూ రోమన్ సైనికులే నడుస్తున్నారని, మన శ్రీకాకుళం జిల్లా ఏళ్ళూ గెడ్డల మీద వాక్యాలు కట్టడం మొదలెట్టాను. చిక్కంతా క్రియ దగ్గరే. ‘పారు’ అని వెతికితే నిఘంటువులో రెండు తగిలాయి. ఒకటి ఫ్లుఓ, ఫ్లుఎరె, ఫ్లూక్సీ, ఫ్లూక్సుమ్. రెండోది మానో, మానారె, మానావీ, మానాతుమ్. రెండింటికీ అర్థం ‘ప్రవహించు’ అనే ఉంది. ఏది ఎక్కడ వాడాలో అక్కడ లేదు.

నా వాక్యాలివి, తప్పులు చెప్పండి.

1. నాగావళి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. – నాగావలి ప్రొపె కళ్ళేపల్లి ఇన్ మరీ ఫ్లుఇత్.
2. ఏటి ఇసకలో చెలమ తీస్తే నీళ్ళూరతాయి. (‘నీళ్ళూరతాయి’ వరకే రాశాను) – అక్వ ఇన్ హరేనా ఫ్లుఇత్.
3. కుండ కారుతోంది. – ఓల్ల మానత్.
4. ఒళ్ళు చెమట కారుతోంది. – కొర్పుస్ సూదోరెమ్ మానత్.
5. రైతు పొలానికి నీళ్ళు పారించాడు. – అగ్రికొల అక్వమ్ ఇన్ అగ్రుమ్ ఫ్లూక్సిత్.
6. ఏరొచ్చింది. – ఫ్లూమెన్ వేనిత్.

ఇంకో చిన్న ప్రశ్న. ఫ్లుఓ, ఇంగ్లీషు ‘ఫ్లో’, సంస్కృతం ‘ప్లవ’, మూడూ ఒకే వేరు నుంచి వచ్చాయా? వినడానికి అలాగే ఉన్నాయి.

బొబ్బిలి_వ్యాకరణి

ముందు రెండు క్రియల తేడా చూద్దాం. అది తేలితే మీ ఆరింటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

ఫ్లుఓకి ఒక దారి, ఒక దిశ ఉంటాయి. ఏరు, కాలువ, గెడ్డ లాంటి గట్ల మధ్య నీళ్ళకు ఇది. ఎక్కడి నుంచి, దేని మీదుగా, ఎందులోకి అన్న మూడు ప్రశ్నలకూ ఈ క్రియ దగ్గర జవాబు దొరకాలి. సీజర్ గాల్ యుద్ధాల మొదటి భాగంలో అరర్ నది గురించి రాసిన వాక్యం దీనికి మంచి నమూనా. ఆ నది రోన్‌లోకి ఎంత మెల్లగా పారుతుందంటే, ‘ఇన్ ఉత్రమ్ పర్తెమ్ ఫ్లుఅత్’, అంటే ఎటు పారుతోందో కంటితో తేల్చలేమంటాడు. ఫ్లుఓ అన్నాక ఎటు అన్న ప్రశ్న తప్పదు గనకే ఆ మాటకు అంత బలం వచ్చింది. ఫ్రాన్సులో ఇప్పుడు సోన్ అంటున్నది ఆ నదినే.

మానోకి గట్లు అక్కర్లేదు. లోపలున్నది బయటికి రావడం, పైన తడిగా పాకడం, బొట్లుబొట్లుగా కారడం దీని పని. ఊట, చెమట, నెత్తురు, కన్నీళ్ళు, గోడ చెమ్మ, చెట్టు జిగురు ఇవన్నీ మానో కిందికి వస్తాయి. తెలుగులో ‘ఊరు’, ‘కారు’, ‘చెమర్చు’ మూడూ కలిపితే మానో అవుతుంది. ‘పారు’ ఫ్లుఓ వైపు. నిఘంటువు ‘ప్రవహించు’ అని ఒక్క మాటతో సరిపెట్టడం వల్ల వచ్చిన తంటా ఇది. ఏటికీ చెమటకీ కలిపి ‘ప్రవహించు’ అంటే మన ఊళ్ళో ఎవరైనా నవ్వుతారు.

అయితే ఇది ఇనప గీత కాదు. చెమటకు ఫ్లుఓ వాడిన చోట్లున్నాయి. అక్కడ ధారలుగా కారుతోందని అర్థం. వాగుకు మానో వాడిన కవులూ ఉన్నారు. వచనం రాసేటప్పుడు మాత్రం పైన చెప్పినట్టు నడుచుకుంటే తప్పు పట్టేవాళ్ళుండరు.

ఇక మీ రెండో వాక్యం. వ్యాకరణంలో దోషం లేదు, బొమ్మే మారిపోయింది. ‘అక్వ ఇన్ హరేనా ఫ్లుఇత్’ అంటే ఇసక మీద నీళ్ళు పాయగా పారుతున్నాయని. చెలమలో జరిగేది అది కాదు. మీరు చేత్తో ఇసక తోడుతుంటే గుంట అడుగున ముందు ఇసక రంగు ముదురుతుంది, పక్కల నుంచి తడి చేరుతుంది, తరవాత బురద నీళ్ళు నిలుస్తాయి, ఆపైన తేటపడతాయి. ఆ పక్కల నుంచి చేరడమే మానో. కాబట్టి ‘అక్వ ఎక్స్ హరేనా మానత్’. ‘ఇన్’ తీసి ‘ఎక్స్’ పెట్టాలి, ఎందుకంటే ఇసకలోంచి వస్తోంది. మొత్తం వాక్యం కావాలంటే ‘సీ హరేనమ్ ఫోదెరిస్, అక్వ మానాబిత్’. తవ్వితే ఊరుతుంది అన్నప్పుడు తవ్వడం ముందు పూర్తవ్వాలి గనక ‘ఫోదెరిస్’ అని భవిష్యత్ పూర్ణరూపం వస్తుంది. మన ‘తవ్వితే’ ఒక్కటే అన్ని కాలాలకూ సరిపోతుంది కాబట్టి తెలుగువాళ్ళం ఇక్కడ తరచూ వర్తమానం రాసేస్తాం.

నాలుగో వాక్యంలో విభక్తి తప్పింది. దీనికి కారణం తెలుగే. ‘ఒళ్ళు చెమట కారుతోంది’ అన్నప్పుడు చెమటకు మనం ప్రత్యయమేమీ పెట్టం. ఖాళీగా ఉంది కదా అని లాటిన్‌లో కర్మ అనుకుని సూదోరెమ్ అన్నారు. మానో అకర్మకం, దానికి కర్మ ఉండదు. రెండు దారులున్నాయి.

ద్రవాన్నే కర్త చేస్తే ‘సూదొర్ ఎక్స్ కొర్పొరె మానత్’. ఒంట్లోంచి చెమట కారుతోంది.

ఒంటిని కర్త చేస్తే ద్రవం అబ్లేటివ్‌లో (‘తో’, ‘నుంచి’, ‘లో’ లాంటి అర్థాలిచ్చే విభక్తి) ఉండాలి. ‘కొర్పుస్ సూదోరె మానత్’. ఇక్కడ ఎక్స్, కుమ్ లాంటివేవీ చేర్చకూడదు. రోమన్ వక్త కికెరో (ఇంగ్లీషులో సిసెరో) శకునాల మీద రాసిన గ్రంథంలో సరిగ్గా ఇదే కట్టు ఉంది. క్రీ.పూ. 371లో లేఉక్త్ర దగ్గర స్పార్టా ఓడిపోవడానికి కాస్త ముందు హెర్కులిస్ గుడిలో ఆయుధాలు మోగాయట, ‘హెర్కులిస్‌క్వె సిములాక్రుమ్ ముల్తో సూదోరె మానావిత్’, విగ్రహానికి చెమటలు కారాయట. ‘ముల్తో సూదోరె’ రెండూ అబ్లేటివే చూడండి. దేవుడి విగ్రహానికి చెమట పట్టిందంటే కీడని మనవైపు కూడా అంటారు కాబట్టి ఈ ఉదాహరణ మరిచిపోరు.

కవిత్వంలో మానోకి కర్మ కనిపిస్తుంది, రోమన్ కవి హొరేస్‌లో ‘మెల్ల’ అంటే తేనెలు కార్చడం ఉంది. అది చదివి అర్థం చేసుకోడానికే. అభ్యాసంలో వాడొద్దు.

చంపావతి

మొదటి, అయిదో, ఆరో వాక్యాలు నేను చూస్తాను.

మొదటిదాంట్లో ‘లో’ మోసం చేసింది. ‘సముద్రంలో చేపలున్నాయి’, ‘సముద్రంలో కలుస్తుంది’. తెలుగులో రెంటికీ ‘లో’నే. లాటిన్‌లో ఉన్న చోటుకి ఇన్ + అబ్లేటివ్, చేరే చోటుకి ఇన్ + అక్యూజటివ్ (కర్మకు వాడే విభక్తి). ‘ఇన్ మరీ ఫ్లుఇత్’ అంటే సముద్రం లోపల పారుతోందని. కావలసింది ‘ఇన్ మరె’. రాసేటప్పుడు మనసులో ‘లోకి’ అనుకుని చూడండి. ‘సముద్రంలోకి’ అని అతికితే అక్యూజటివ్. మరె నపుంసకం కాబట్టి కర్తా కర్మా ఒకే రూపం, దీర్ఘమున్న మరీ అబ్లేటివ్.

నది ఇంకో నీటిలో కలిసేటప్పుడు వట్టి ఫ్లుఓ కన్నా ఈన్‌ఫ్లుఓ మంచిది. ఈన్‌ఫ్లుఓ వాడినా ‘ఇన్’ మళ్ళీ రావాలి. సీజర్ కూడా ‘ఇన్ రొదనుమ్ ఈన్‌ఫ్లుఇత్’ అన్నాడు.

నది పేరును ఎలా లొంగదీయాలన్నదీ తేల్చుకోవాలి. ‘నాగావలి’ అని వదిలేస్తే విభక్తులు పట్టవు. తిబెరిస్ నమూనాలో నాగావలిస్ అనొచ్చు. కర్మ నాగావలిమ్, అబ్లేటివ్ నాగావలీ. తిబెరిస్‌కి తిబెరిమ్, తిబెరీ ఎలాగో అలాగే. వంశధారకు -అ అంతం ఉంది కాబట్టి మొదటి వర్గం నామాల్లా నడుస్తుంది. ఒక్క విషయం ఒప్పుకోడానికి కష్టంగా ఉంటుంది: లాటిన్‌లో నదుల పేర్లు మామూలుగా పుంలింగం. మనకు నాగావళీ వంశధారా అమ్మలు, వాళ్ళకు తిబెరిస్ తండ్రి. విశేషణం చేర్చినప్పుడు ‘మాగ్నుస్ నాగావలిస్’ అనే రాయాలి. మనసొప్పకపోతే ముందు ఫ్లూమెన్ పెట్టి విశేషణాన్ని దానికి తగిలించి నపుంసకం చేసేయండి.

సవరించాక: ‘నాగావలిస్ ప్రొపె కళ్ళేపల్లి ఇన్ మరె ఈన్‌ఫ్లుఇత్’.

ఏరు శ్రీకాకుళం ఊరి మధ్యలోంచి వెళ్తుందని చెప్పాలంటే ‘పెర్ మెదిఅమ్ ఉర్బెమ్ ఫ్లుఇత్’. ఊరి పక్క నుంచి పోతే ప్రైతెర్‌ఫ్లుఇత్, రెండు ఊళ్ళ మధ్య నుంచి పోతే ఇంతెర్‌ఫ్లుఇత్. ఊరి గోడను ఒరుసుకుంటూ పోతే అల్లుఇత్. జాగ్రత్త, అల్లుఓ ఫ్లుఓ పిల్ల కాదు. కడుగు అనే లవో కుటుంబం అది, అబ్లుఓ, దీలుఓ, కొల్లుఓ దాని తోబుట్టువులు. అఫ్ఫ్లుఓలో మాత్రమే ఫ్లుఓ ఉంది. చేతిరాతలో అల్లుఓ, అఫ్ఫ్లుఓ కలిసిపోతాయి.

అయిదో వాక్యం పూర్తిగా మార్చాలి. తెలుగులో పారు నుంచి పారించు, కారు నుంచి కార్చు సులువుగా వచ్చేస్తాయి. లాటిన్ ఫ్లుఓకి అలాంటి ప్రేరణార్థకం లేదు. ‘అక్వమ్ ఫ్లూక్సిత్’ అంటే వాక్యమే నిలవదు. వేరే క్రియ తెచ్చుకోవాలి, ఏ క్రియ అన్నది చేసిన పనిని బట్టి ఉంటుంది.

ఏటి నుంచి కాలువ తీసి నీళ్ళు మళ్ళిస్తే దేరీవో. అందులో రీవుస్ ఉంది, అంటే మన గెడ్డ లేదా పిల్లకాలువ. సీజర్ అలేసియా దగ్గర లోపలి కందకాన్ని ‘అక్వా ఎక్స్ ఫ్లూమినె దేరీవాతా’, ఏటి నుంచి మళ్ళించిన నీటితో నింపాడు. ఉన్న కాలువలోంచి మదుము ఎత్తి పొలంలోకి వదిలితే దేదూకో చాలు. పొలం తడవడమే ముఖ్యమైతే ఇర్రిగో. దీనికి రెండు రకాల కర్మలూ పడతాయి, పొలాన్ని తడపడానికీ పొలంలోకి నీళ్ళు పెట్టడానికీ ఇదే. ఈజిప్టును నీలే తడుపుతుంది అనడానికి కికెరో ‘ఐగిప్తుమ్ నీలుస్ ఇర్రిగత్’ అన్నాడు. మీ వాక్యానికి ‘అగ్రికొల అగ్రుమ్ ఇర్రిగావిత్’ సరిపోతుంది. తోటపల్లి కాలువ నుంచి పెట్టాడని చెప్పాలంటే దేరీవావిత్.

ఆరోది. ‘ఏరొచ్చింది’ని మాటకు మాట మార్చకూడదు. ‘ఫ్లూమెన్ వేనిత్’ అంటే రోమన్ పాఠకుడు ఏరు ఎక్కడికి వచ్చిందని అడుగుతాడు. నీరు పెరగడానికి వాళ్ళ మాట క్రేస్కో, పెరుగు. ‘ఫ్లూమెన్ క్రేవిత్’. గట్లు దాటి పొలాల మీద పడితే ‘ఫ్లూమెన్ అగ్రోస్ ఇనుందావిత్’. ఎండాకాలమంతా ఎండి, వాన పడగానే ఒక్కసారి విరుచుకుపడే గెడ్డకు తొర్రేన్స్ అనే పేరుంది. దానికి ఫ్లుఓ కన్నా రుఓ బాగుంటుంది.

నాగావళి_ఒడ్డు

చాలా బాగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. మూడోది ఎవరూ ముట్టుకోలేదు. కుండ సరిగ్గా రాశానా?

వానాకాలంలో ‘ఇల్లు కురుస్తోంది’ అంటాం, దానికేం వాడాలి? ‘మాట ఊరంతా పొక్కింది’కి కూడా నీటి క్రియే వాడతారని ఎక్కడో చదివాను, ఏ క్రియ అది?

మనెత్ అన్న రూపం చూసినప్పుడల్లా ‘ఉంటుంది’ అనుకోవాలో ‘కారాలి’ అనుకోవాలో తెలియడం లేదు. దానికి ఉపాయం చెప్పండి.

గెడ్డగట్టు

కుండ ఎలాంటిదన్న దాన్ని బట్టి చెప్పాలి. కొత్త మట్టికుండలో నీళ్ళు పోస్తే ఒళ్ళంతా చెమ్మ పడుతుంది, అడుగున బొట్టు కడుతుంది. దానికి ‘ఓల్ల అక్వా మానత్’. అక్వాలో చివరి దీర్ఘం అబ్లేటివ్. అది తీసేసి వట్టి ‘ఓల్ల మానత్’ అంటే ఏం కారుతోందో చెప్పనట్టే. కుండకు బీట పడి నీళ్ళు పోతుంటే మాత్రం పెర్‌ఫ్లుఇత్. పెర్ అంటే గుండా. నీరు పాత్ర గుండా పోయినా క్రియకు పాత్రే కర్త. రోమన్ నాటకకర్త టెరెన్స్ నాటకంలో పర్మెనో అనే బానిస, రహస్యం నీ దగ్గర ఆగుతుందా అన్న మాటకు జవాబిస్తూ, అబద్ధమైతే ‘ప్లేనుస్ రీమారుమ్ సుమ్, హాక్ అత్‌క్వె ఇల్లాక్ పెర్‌ఫ్లుఓ’ అంటాడు. ఒళ్ళంతా బీటలే, అటూ ఇటూ కారిపోతాను అని. మనం నోట్లో నువ్వుగింజ నానదంటాం.

‘ఇల్లు కురుస్తోంది’ మాత్రం అదృష్టం. తెలుగూ లాటినూ ఇక్కడ ఒకేలా ఆలోచించాయి. ప్లుఇత్ అంటే వాన కురుస్తోంది, పెర్‌ప్లుఇత్ అంటే ఇల్లు కురుస్తోంది. ఇల్లే కర్త, మనలాగే. ‘దొముస్ పెర్‌ప్లుఇత్’. పెర్‌ఫ్లుఇత్‌కీ దీనికీ ఒక్క అక్షరమే తేడా, ఫ పెడితే కుండ, ప పెడితే కప్పు.

పుకారుకు మానోనే. రోమన్ చరిత్రకారుడు లివీ రెండో పుస్తకంలో ఫాబియస్ వంశం వాళ్ళు తామే యుద్ధభారం మోస్తామన్న వార్త గురించి ‘మానత్ తోతా ఉర్బె రూమొర్’ అన్నాడు. వార్త ఊరంతా పాకుతోంది అని. ‘తోతా ఉర్బె’కి ముందు ఇన్ లేదు చూడండి. తోతుస్ అనే ‘అంతా’ విశేషణం తోడున్నప్పుడు చోటు చెప్పే అబ్లేటివ్‌కి ఇన్ వదిలేయడం మామూలే. మీ వాక్యానికి ‘రూమొర్ తోతా ఉర్బె మానావిత్’. పల్లెటూరైతే ఉర్బె బదులు ‘తోతో వీకో’. ఇక్కడ ఫ్లుఓ పనికిరాదు. పుకారుకు గట్లూ లేవు, దిశా లేదు.

నిఘంటువు విషయం ఒకటి. పెద్ద లాటిన్ నిఘంటువుల్లో అసలు అర్థం తరవాత ఆలంకారిక అర్థం వేరే విభాగంగా ఇస్తారు. మానోకి ఆ రెండో విభాగం తప్పక చదవండి. మాట, తప్పు, అలవాటు పాకడం అంతా అందులోనే దొరుకుతుంది.

బొబ్బిలి_వ్యాకరణి

మనెత్ సంగతి. ఉండు అనే మనెఓ, మనేరె, మాన్సీ, మాన్సుమ్ రెండో గణం. కారు అనే మానో మొదటి గణం. ఒకదాని నిశ్చయార్థక వర్తమానమూ ఇంకోదాని సబ్జంక్టివూ (‘గాక’ అని కోరిక చెప్పే రూపం) రోమన్ లిపిలో దీర్ఘపు గుర్తులు లేకుండా రాస్తే అచ్చు ఒకటే. నోట్సు తెలుగు లిపిలో పెట్టుకోండి, చిక్కు అక్కడే విడిపోతుంది. మనెత్ అంటే ఉంటుంది, మానెత్ అంటే కారుగాక. మనేముస్ ఉంటాం, మానేముస్ కారుదుము గాక. మొదటి అక్షరం హ్రస్వమైతే ఉండడం, దీర్ఘమైతే కారడం.

ఈ పనికి తెలుగు లిపి దేవనాగరి కన్నా నయం. లాటిన్ అచ్చులు అయిదింటికీ హ్రస్వ దీర్ఘాలున్నాయి. మనకు ఎ-ఏ, ఒ-ఓ కూడా విడివిడిగా ఉన్నాయి గనక ఏదీ పోదు. రోమన్ లిపిలో దీర్ఘానికి అచ్చు మీద గీత పెడతారు, చాలా ముద్రణల్లో అదీ ఉండదు.

రెండు చోట్ల లిపి కూడా ఆదుకోదు. మనెఓ భూతకాలం మాన్సీలో న్స్ ముందు అచ్చు దీర్ఘమవుతుంది కాబట్టి ‘మా’ చూసి కారడమనుకోవద్దు. స్ ఉంటే ఉండడమే, కారడానికి భూతకాలం మానావీ. రెండోది మానేస్. నువ్వు కారుగాక అన్నా, చనిపోయినవాళ్ళ ఆత్మలన్నా ఒకటే రూపం. మన పితృదేవతల్లాంటివాళ్ళు, ఎప్పుడూ బహువచనం. సమాధి రాతల్లో కనిపిస్తే ఆత్మలే, నీళ్ళ జోలికి పోవద్దు.

పరీక్ష పేపర్లలో ఎక్కువగా పడే తప్పు ఇంకోటుంది. మానో మొదటి గణం కాబట్టి భవిష్యత్తు మానాబిత్. అదే ఊపులో ఫ్లుఎబిత్ రాసేస్తారు. మూడో గణంలో ‘బి’ రాదు, ఫ్లుఎత్ అనాలి. ఫ్లుఇత్ పారుతుంది, ఫ్లుఎత్ పారబోతుంది. బహువచనంలో ఫ్లుఉంత్, ఫ్లుఎంత్. ఒక్క అచ్చు మారితే కాలం మారిపోతుంది.

భూతకాలంలో ఫ్లూక్సీ అని క్స్ ఎందుకొచ్చిందో కూడా అడుగుతారు. పాత ధాతువు చివర గ్వ్ లాంటి హల్లుండేది. వర్తమానంలో అది కరిగిపోయింది, స్ తగిలిన చోట క్స్‌గా మిగిలింది. వీవో, వీక్సీ (బ్రతుకు) కూడా ఇంతే. ఇలా జతగా గుర్తుపెట్టుకుంటే ఫ్లుఈ, ఫ్లువీ లాంటివి కల్పించరు.

చంపావతి

వేరు గురించి అడిగారు కదా. లేదండి, మూడూ ఒకటి కాదు. ఫ్లుఓ ఒంటరి. లాటిన్ మొదటి ఫ చాలాచోట్ల సంస్కృత భ కి, ఇంగ్లీషు బ కి సరిపోతుంది. భ్రాతృ, ఫ్రాతెర్, బ్రదర్ చూడండి. కాబట్టి ఫ తో మొదలయ్యే లాటిన్ మాటకు ఫ తోనే మొదలయ్యే ఇంగ్లీషు మాట చుట్టం కావడం అరుదు. ఇంగ్లీషు ‘ఫ్లో’కి అసలు చుట్టం లాటిన్ ప్లుఇత్, అంటే వాన కురవడం. సంస్కృత ప్లు, ప్లవ, ప్లుత కూడా ఆ ఇంటివే. అంటే మీ ‘ఇల్లు కురుస్తోంది’ లోని పెర్‌ప్లుఇత్‌కి జలప్లవం దగ్గర, ఫ్లుఓ దూరం.

మన ‘ప్రవహించు’లో ఉన్నది వహ్, మోయు. దాని లాటిన్ తోడు వెహో. ‘స్రవించు’లోని స్రు గ్రీకు రెఓకి, ఇంగ్లీషు ‘స్ట్రీమ్’కి చుట్టం. తెలుగు పారు, ఊరు, కారు ద్రావిడ మాటలు, వీటితో ఏ సంబంధమూ లేదు. శబ్దం పోలిక చూసి కట్టిన చుట్టరికాలు నెట్‌లో తెగ తిరుగుతుంటాయి, నమ్మకండి. అన్నట్టు జ్వరానికి వాడే ‘ఫ్లూ’ మాత్రం నిజంగానే ఈన్‌ఫ్లుఓ సంతానం, ఇటాలియన్ మీదుగా వచ్చింది.

ఉచ్చారణ కూడా తేల్చుకోండి. ఇక్కడ మేం రాస్తున్నది ప్రాచీన పద్ధతి, క ఎప్పుడూ క. చర్చి పద్ధతిలో ఎ, ఇ ల ముందు క చ అవుతుంది. కికెరోని చిచెరో అంటారు. రెండూ సరైనవే, ఒకే వాక్యంలో కలపొద్దు.

నాగావళి_ఒడ్డు

సవరించి రాసినవి ఇవి. చివరిది కొత్తది.

నాగావలిస్ ప్రొపె కళ్ళేపల్లి ఇన్ మరె ఈన్‌ఫ్లుఇత్.
సీ హరేనమ్ ఫోదెరిస్, అక్వ మానాబిత్.
ఓల్ల పెర్‌ఫ్లుఇత్. (బీట పడిన కుండే)
కొర్పుస్ సూదోరె మానత్.
అగ్రికొల అగ్రుమ్ ఇర్రిగావిత్.
ఫ్లూమెన్ క్రేవిత్.
దొముస్ పెర్‌ప్లుఇత్.
సంగం దగ్గర మూడు నదులు, నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి – ప్రొపె సంగం త్రేస్ ఫ్లూమిన కోన్‌ఫ్లుఎంత్.

గెడ్డగట్టు

మొదటి ఏడూ సరే. నాలుగోదాన్ని ‘తోతుమ్ కొర్పుస్’ అంటే ‘ఒళ్ళంతా’ కూడా వస్తుంది, తప్పనిసరి కాదు.

చివరి దాంట్లో రెండు తప్పులు. ఫ్లూమెన్ నపుంసకం, దానికి త్రేస్ పొసగదు. త్రిఅ ఫ్లూమిన అనండి, లేదా పుంలింగమైన ఫ్లువిఉస్ తీసుకుని త్రేస్ ఫ్లువిఈ అనండి. కోన్‌ఫ్లుఎంత్ అంటే ఇకముందు కలుస్తాయని. ఎప్పుడూ కలుస్తున్నవే గనక కోన్‌ఫ్లుఉంత్.

సంగం అన్న ఊరి పేరునూ లాటిన్ చేయొచ్చు. రెండు నదులు కలిసే చోటును రోమన్లు కోన్‌ఫ్లుఎంతేస్ అనేవారు. జర్మనీలో రైన్, మొసెల్ కలిసే ఊరు ఆ పేరు అరిగి అరిగి కోబ్లెంజ్ అయింది. అది బహువచనం, మూడో వర్గం, కాబట్టి ‘ప్రొపె కోన్‌ఫ్లుఎంతేస్’ అంటే చాలు, ప్రొపె తరవాత అక్యూజటివే. అయితే కోన్‌ఫ్లుఎంతేస్ దగ్గర కోన్‌ఫ్లుఉంత్ అంటే ఒకే మాట రెండుసార్లు వస్తుంది. క్రియ మార్చి ‘త్రిఅ ఫ్లూమిన అద్ కోన్‌ఫ్లుఎంతేస్ కొఎఉంత్’ అని రాస్తే చెవికి బాగుంటుంది. కొఎఓ అంటే కలిసి ఒకచోట చేరు, ఎఓ లాగే నడుస్తుంది.